సింగపూర్ పులి మా కాకే

మా చిన్నప్పుడు... జాతర వచ్చిందంటే మా ఊరి రైస్ మిల్లు వెనక ఖాళీ జాగాలో కుస్తీలు! ఎర్రమట్టి తడిపి చదును చేసేవాళ్ళు. డప్పులు మోగుతుంటే ముందు కొబ్బరికాయ పందెం కుస్తీలు, చిట్టచివర వెండి కడియం కుస్తీ. నాయనమ్మ కొంగు పట్టుకుని నేను ముందు వరసలోనే...

ఆ ఏడు కడియం కుస్తీకి మా నర్సింలు కాక దిగాడు. కాక అంటే మా నాన్న తమ్ముడు. మిల్లులో హమాలీ. బస్తాలు మోసి మోసి మెడ కోడెదూడ మెడలా ఉండేది. అతని ఆశ ఒక్కటే... మూటలు మోసే నర్సింలును కాదు, పహిల్వాన్ నర్సింలును జనం చూడాలి.

ఓడిపోయాడు.

పక్క ఊరి పహిల్వాన్ భుజం మీదికెత్తి విసిరేస్తే, గాలిలో గిర్రున తిరిగి దబ్బున పడ్డాడు. మట్టి ఎగిరి మా ఒళ్ళో పడింది. జనమంతా "అమ్మో!" అని లేచి నిలబడ్డారు. కాక మాత్రం దులుపుకుని లేచి, గెలిచినవాడికి దండం పెట్టి నవ్వాడు.

అప్పుడే గుంపులోంచి ఉస్తాద్ వచ్చాడు. టికెట్ పెట్టి కుస్తీలు ఆడించే డేరా కంపెనీ మనిషి. అప్పట్లో మంజీర నదికి ఇవతలి ఊళ్ళన్నీ ఒక కంపెనీవి, అవతలివి ఇంకో కంపెనీవి. ఒకరి ఊళ్ళో ఇంకొకరు డేరా వేయకూడదు. ఆ ఊళ్ళలోనే మళ్ళీ మళ్ళీ తిరగాలి కదా... చూసిన ముఖాలనే చూపిస్తే జనం రారు. అందుకే ఉస్తాద్ జాతరలు, మిల్లులు, కుస్తీ నేర్పే తాలీంఖానాలు తిరుగుతూ కొత్తవాళ్ళను ఏరేవాడు.

కడియం గెలిచినవాడు ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు. ఉస్తాద్ అతణ్ణి దాటుకుని నేరుగా కాక దగ్గరికి వెళ్ళాడు.

"నీ పేరేంది తమ్మీ?"

"నేను ఓడినోణ్ణి సాబ్. గెల్సినోడు ఆయన."

"గెల్సెటోళ్ళు నా దగ్గర మస్తుమంది ఉన్నరు. నువ్వు పడ్డప్పుడు ఊరంత లేచి నిలవడ్డది చూసినవా? గట్ల పడెటోడే దొర్కుత లేడు!"

నాయనమ్మ ఊరుకుంటుందా? "కింద పడుడు గూడ కొలువేనా అయ్యా? మావోడు ఇంట్ల గూడ పడ్తడు, గడప తన్నుకోని!"

నవ్వులే నవ్వులు... కానీ కాక నవ్వలేదు. అతని కళ్ళు మెరుస్తున్నాయి.

మరునాడు డేరాలో పరీక్ష. కాళ్ళు వణికేదాకా బైఠకులు తీయించి, ఆపైన కొండలాంటి పహిల్వాన్ చేత ఎత్తి ఎత్తి వేయించారట. ఉస్తాద్ చివర్లో ఒకే మాట అన్నాడట... "ఇయ్యాల అందరొస్తరు. రేపు మల్ల వచ్చెటోనిదే కొలువు."

ఆ సాయంత్రం కాక చెయ్యి నోటిదాకా లేవలేదు. నాయనమ్మే ముద్దలు కలిపి పెట్టింది, ఉప్పు మూటతో కాపడం పెట్టింది. "మిల్లే నయం బిడ్డా" అని ఏడ్చింది. తెల్లారి లేచి చూస్తే... మంచం ఖాళీ! నేను వాకిట్లో గంతులే గంతులు!

ఉస్తాద్ పేరు మార్చేశాడు. దూరం నుంచి వచ్చినవాడంటేనే జనం ఎగబడతారట. "ఇయ్యాల్టి సంది నువ్వు సింగపూర్ పులివి" అంటే, కాక "అది బొంబాయి దాటినంక వస్తదా సాబ్?" అని అడిగాడట. "యాడ వస్తె నీకెందుకు? నోట్ల నుంచి తెలుగు ముక్క రావద్దు. నువ్వెవరో జనానికి తెల్సిందా, ఆ దినమే మూట సర్దుకో."

మొదట్లో మా వైపు ఊళ్ళకు తీసుకురాలేదు. తరువాత పులి ముసుగు కుట్టించి తెచ్చారు. మైకు జీపు వీధి వీధి తిరిగింది... "సింగపూర్ పులి! సింగపూర్ పులి!" మా ఇంటిల్లిపాదికీ నోటికి తాళం. నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. బళ్ళో కూడా నా గొంతు ఎవరూ విని ఎరగరు.

డేరా కిటకిట. కాక పడ్డాడు... అదే గిర్రున తిరగడం, అదే దబ్బున పడటం. కానీ ఈసారి లేవలేదు. నాకేమైందో తెలియదు.

"కాకా! లే కాకా!"

డేరా అంతా నా వైపు తిరిగింది. నేను తల దించుకున్నాను. ఎవడో అరిచాడు, "ఏందిరో! సింగపూరోడు ఈ పోరికి కాక ఎట్లయిండు?"

 కాక కొలువు నా నోటితోనే పోయింది అనుకున్నాను. అప్పుడు ఉస్తాద్ మైకు అందుకున్నాడు.

"ఎందుక్కాడు? సింగపూర్ల మనోళ్ళు లేరా ఏంది!"

ఒకటే ఈలలు, చప్పట్లు! పులి ఒక్క గెంతున లేచింది. డేరా గుంజలు ఊగాయి...

ఇప్పుడు నేను నిజం సింగపూర్‌లోనే ఉన్నాను. మా ఆయన ఆఫీసు చాంగీ బిజినెస్ పార్కులో. పోయిన ఆదివారం హాకర్ సెంటర్లో, అంటే ఇక్కడి తిండి అంగళ్ళ దగ్గర, టిష్యూ ప్యాకెట్ పెట్టి టేబుల్ ఆపుకుని కూర్చుంటే కాక వీడియో కాల్.

"బిడ్డా, మా ఊరు ఎట్లుందే?"

ఫోను చుట్టూ తిప్పి చూపించాను. మా బాబు తొంగి చూసి, ఇక్కడి యాసలో "అమ్మా, ఈ తాత రియల్ రెజ్లరా? నో లా!" అన్నాడు. కాక పగలబడి నవ్వాడు. తరువాత మెల్లగా అడిగాడు.

"ఆడ మనోళ్ళున్నరా?"

"నేనున్న గద కాకా!"

ఎంత గట్టిగా అన్నానో, పక్క టేబుళ్ళవాళ్ళు తిరిగి చూశారు. ఈసారి నేను తల దించుకోలేదు.

ఇప్పుడు ఆ డేరాలు లేవు. పడినవాణ్ణి వెతుక్కుంటూ వచ్చే ఉస్తాదులూ లేరు... ఓడినా మీ ఊరంతా లేచి నిలబడి చూసిన మనిషి మీ ఇంట్లోనూ ఉండే ఉంటారు. వాళ్ళ పేరు కింద రాయండి, చదువుకుంటాను...