పెళ్ళి అనమంటే అనని సుంకమ్మ

1958. జమ్మలమడుగు మునసబు కోర్టులో నేను ప్లీడరుగా కుదురుకుంటున్న రోజులు. పెన్న ఒడ్డు పల్లెనుంచి సుంకమ్మ వచ్చింది. మొదటి భర్త పోయాక ఓబులేసును మనువాడి పదేళ్ళకు పైగా కాపురం చేసింది. అతనూ పోయాడు. దినాలు కాగానే మరిది నరసింహులు, "నువ్వు మా అన్న ఉంచుకున్నదానివి, ఇల్లు వదిలి పో" అన్నాడు. ఆ ఇల్లు, దాని వెనక చేను తప్ప ఆమెకు వేరే దిక్కు లేదు. ఆమె తరఫున దావా వేశాను.

వాళ్ళ కులంలో విధవ మళ్ళీ మనువాడితే పందిరీ బాజాలూ ఉండవు. పెద్దమనుషుల ముందు మగవాడు చీర పెడతాడు, ఆమె కట్టుకుంటుంది. దాన్ని పెళ్ళి అనరు. అందుకే విచారణ ముందురోజు నెత్తీనోరూ కొట్టుకుని చెప్పాను.

"పెళ్ళయిందా అని అడిగితే అయిందను. ఒక్క మాట!"

"అబద్దం ఎట్ల చెప్పేది సామీ? పెండ్లి మొదటాయనతో అయింది. ఈయప్ప చీర పెట్నాడు."

"కోర్టుకు రెండూ ఒకటేనమ్మా."

"మాకు కాదు గదా!"

మర్నాడు క్రాస్‌లో, అంటే ఎదుటి ప్లీడరు సాక్షిని ప్రశ్నించేటప్పుడు, ప్రొద్దుటూరు నుంచి వచ్చిన ఆ పెద్దమనిషి మొదట అడిగింది అదే. "ఓబులేసుతో నీకు పెళ్ళయిందా?"

"లేదు సామీ" అంది సుంకమ్మ, బోనులో నిటారుగా నిలబడి. మునసబుగారు ఇంగ్లీషులో అంతవరకే రాసుకున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. తర్వాత నేను చీర సంగతి చెప్పిస్తే, "చీరలు ఉంచుకున్నవాళ్ళకూ పెడతారు లెండి" అన్నాడు ఎదుటి ప్లీడరు. కోర్టంతా నవ్వింది. సుంకమ్మ తల దించుకుంది.

నరసింహులు బోనెక్కాడు.

"మీ అన్న ఇంట్లో భోంచేసేవాడివా?" అన్నాను.

"దినామూ తింటాంటి."

"వడ్డించేది ఎవరు?"

"వదినే" అనేసి నాలుక కరుచుకున్నాడు.

మునసబుగారు కలం ఆపి తలెత్తారు. "ఉంచుకున్నదాన్ని వదినా అంటారా మీ ఊళ్ళో?"

"శానా ఏండ్లు అట్లే పిలిస్తిమి గదా సామీ" అని గొణిగాడు.

చీర పెట్టిననాడు కూర్చున్న పెద్దమనుషులూ వచ్చి చెప్పారు. ఇల్లు, చేను సుంకమ్మకు దక్కాయి. "తీర్పులో నీది పెళ్ళేనని రాశారమ్మా" అన్నాను సంబరంగా. ఆమె మొహం చిట్లించింది.

"ఈయప్ప ఉన్నన్నాళ్ళు నన్ను ఎవురూ అడగల్యా సామీ. సచ్చినాకనే అడిగిరి."

ఆ తర్వాత నా దగ్గరికి వచ్చిన ఏ ఆడమనిషినీ పెళ్ళయిందా అని అడగలేదు. ఆ ఇంట్లో నిన్ను ఏమని పిలుస్తారమ్మా అనే అడిగాను.