నాయనమ్మ మందుల కాగితం

నా చిన్నప్పుడు మా నర్సీపట్నంలో డాక్టరుగారి ఎదుట నోరెత్తిన మనిషిని నేను చూడలేదు, ఒక్క మా నాయనమ్మను తప్ప. ఒక డాక్టరు దగ్గర ఇంకో డాక్టరు పేరెత్తడం మర్యాద కాదనుకునేవారు. ఇంట్లో వాడే పసర్లు, పొడుల సంగతి చెబితే తిడతారని దాచేవారు. బిళ్ళల పేర్లంటారా, తెల్లది, ఎర్రది, చేదుది, అంతే. సూది వేయించుకోకుండా తిరిగొస్తే అసలు వైద్యం జరిగినట్టే కాదు, ఆ సూదిలో ఏముందో అడిగితే మహాపరాధం. ఇదంతా వినయమట. ఏం వినయమో, ఇప్పుడు తలుచుకున్నా నాకు ఒళ్ళు మండుతుంది.

నాయనమ్మ కూడా మొదట్లో అందరిలాగే ఉండేది. గొలుగొండలో మా మేనత్త ఇంటికి వెళ్ళినప్పుడు జ్వరం వస్తే అక్కడ పెనిసిలిన్ సూది వేశారు. కాసేపటికే ఒళ్ళంతా దద్దుర్లు లేచి, మొహం వాచి, ఊపిరాడలేదు. ఎలాగో గట్టెక్కింది. మళ్ళీ ఆ మందు ఒంట్లోకి వెళితే బతకడం కష్టమని అక్కడి డాక్టరుగారే చెప్పి పంపించారు.

ఇంటికి రాగానే నాన్నగారిని పట్టుకుంది. ఆయన బడిపంతులు, చక్కని చేతిరాత. రోజూ మింగే బీపీ బిళ్ళ పేరు, ఏ పూట ఎంత వేసుకోవాలి, కోటవురట్ల నుంచి తెప్పించుకునే మోకాళ్ళ నొప్పుల చూర్ణం, అన్నీ రాయించింది. అన్నిటికన్నా పైన, పెనిసిలిన్ పడదని ఎర్ర సిరాతో రాయించింది. మందు మారినప్పుడల్లా పాతది చింపించి కొత్తది రాయించేది. నాన్నగారు విసుక్కునేవారు. ఆవిడ వింటేనా! పెళ్ళికి వెళ్ళినా ఆ కాగితం వెంట ఉండాల్సిందే.

ఒకసారి తోటలో చెరకు మోడు గుచ్చుకుని ఆమె కాలికి చీము పట్టింది. ఊళ్ళోకి కొత్తగా వచ్చిన డాక్టరుగారి దగ్గరికి నాన్నగారు తీసుకెళ్ళారు. నేనూ వెళ్ళాను. ఆయన పుండు చూసి, సూది సిద్ధం చేయమని కాంపౌండరుకు పురమాయించారు. ఏం సూది అని నాయనమ్మ అడిగితే, పుండు మానే సూది అన్నారు. ఆమె కాగితం తీసి బల్ల మీద పెట్టింది. ఆయన చూడకుండానే పక్కకు నెట్టారు. బయట అంతమంది కూర్చున్నారు, ఇవన్నీ చదివే తీరిక లేదన్నారు. నాన్నగారికి తల కొట్టేసినట్టయింది. తాను రాసిన కాగితాన్నే జేబులో పెట్టేసుకోబోతూ, అది వేరే మందు అయ్యుంటుందిలే, ఊరుకోమ్మా అని గొణిగారు.

నాయనమ్మ ఆయన చేతిలోంచి కాగితం లాక్కుంది. కొంగు భుజం నిండా కప్పుకుని, కుర్చీలో బిగుసుకుని కూర్చుంది.

"నీకు మందులు తెలుసు బాబూ, నాను కాదన్ను. నా ఒళ్ళు నీకేటి తెలుసు? ఇది సదివి, ఆ సూదిలో ఏటుందో సెప్పు. అప్పుడే సెయ్యి సాపుతాను."

డాక్టరుగారి మొహం ఎర్రబడింది. నమ్మకం లేకపోతే ఇంకో చోటికి వెళ్ళమన్నారు.

"నమ్మకం ఉండబట్టే వచ్చాను. సదివి సూడు" అంది.

ఆవిడ లేస్తే గాని వెనకవాళ్ళు లోపలికి రాలేరు. వదిలించుకోవడానికన్నట్టు ఆయన కాగితం అందుకున్నారు. మొదటి వరుస దగ్గరే ఆగిపోయారు. ఆ పెనిసిలిన్ పక్కన పెట్టెయ్యమని కాంపౌండరుకు చెప్పి, ఈసారి పైనుంచి కిందిదాకా నెమ్మదిగా చదివారు. చూర్ణం గురించి అడిగారు. వేరే మందు ఇచ్చి, దాని పేరు తన చేత్తోనే మా కాగితం చివర చేర్చారు. ఇంటికి వెళ్ళేదాకా నాన్నగారు తలెత్తలేదు. నాకైతే నాయనమ్మను చూస్తుంటే గర్వంతో గుండె నిండిపోయింది.

ఇప్పుడు నాకూ ఆమె వయసు వచ్చింది. షుగరుకి, గుండెకి వాడేవన్నీ రాసుకుని దగ్గర పెట్టుకుంటాను. అంతా కంప్యూటర్లో ఉంది కదమ్మా అని కుర్ర డాక్టర్లు నవ్వుతారు. నవ్వనీ. మొండి ముసలిదని మా కోడలూ అంటుంది. అననీ. మింగేది నేను. కొత్త మందు పేరేమిటో, ఎందుకో, ఉన్నవాటితో పడుతుందో లేదో చెప్పేదాకా కుర్చీలోంచి లేవను.