తుపాకీ పేలాల్సిన చోట

క్లారెన్స్‌కి పక్షవాతం వచ్చిన దగ్గర్నుంచీ ఎడ్నా రోజూ గుర్రాల సినిమా చూస్తోంది. రోజుకో కొత్తది అనుకునేరు. అదే సినిమా, అదే క్యాసెట్టు, పదకొండు నెలలుగా. టీవీలో గుర్రాలు పరిగెడితేనే ఆయన నోరు తెరుస్తాడు. ఆ గంటలో గిన్నెడు పప్పన్నం లోపలికి పోవాలి. చివర్లో వీధి మధ్య తుపాకీ పేలి చెడ్డవాడు పడగానే తృప్తిగా "ఆఁ" అంటాడు. ఆ "ఆఁ"లోనే బీపీ మాత్ర వేసెయ్యాలి. మాత్ర తప్పితే రెండోసారి వస్తుందని, వస్తే మనిషి దక్కడని డాక్టరు చెప్పాడు.

దిక్కుమాలిన సినిమా. కొండ గుడ్డ మీద గీసిన బొమ్మ, గాలి వీస్తే ఊగుతుంది. బాప్టిస్టు చర్చి పెద్ద, డీకను గారి కూతురు ఎడ్నా. బయాస్కోపు పాపమని పెరిగింది, పెళ్ళయ్యాకా సినిమా హాలు గడప తొక్కలేదు. క్లారెన్స్ మాత్రం టోంగాట్ చక్కెర మిల్లులో బాయిలరు దగ్గర పని దిగి, మసి మొహంతోనే శనివారం ఆటకి పరిగెత్తేవాడు.

"ఏముంది అందులో?" అని ఒకసారి అడిగింది.

"ఫోర్మన్ తిడితే వారమంతా పడాల. అక్కడ గంటలో తేలిపోద్ది," అన్నాడు. "పైగా సచ్చినోడు వచ్చేవారం ఇంకో టోపీ పెట్టుకొని లేచొస్తాడు. ఎవరికీ ఏం కాదు."

ఏప్రిల్లో ఓట్లు వచ్చాయి. తెల్లవాళ్ళూ జులూలూ, చెరకు తోటల పనికి ఓడెక్కి వచ్చిన మనవాళ్ళూ ఒకే వరసలో నిలబడి వేసే మొదటి ఓటు. ఎడ్నా భర్తని చక్రాల కుర్చీలో తోసుకెళ్ళి ఐదు గంటలు నిలబడింది. టీవీ వాళ్ళు కెమెరాతో వరస పొడుగునా నడిచారు. "సాయంత్రం వార్తల్లో పడతాం ఆంటీ, రికార్డు చెయ్యండి," అంది పక్కింటి పమేలా. వార్తలు మొదలవగానే ఎడ్నా ఆదరాబాదరాగా బటను నొక్కింది. లోపల ఏ క్యాసెట్టుందో చూడలేదు. క్లారెన్స్ మళ్ళీ అడిగాడని కాల్పుల ముందుకి తిప్పి ఆపేసిన గుర్రాల సినిమా అది.

మర్నాడు సినిమాలో హీరో సారాకొట్లోంచి వీధిలోకొచ్చాడు. ఎదురుగా చెడ్డవాడు. ఇద్దరి చేతులూ నడుం దగ్గరికి వెళ్ళాయి. అంతలో తెర మీద బడి గోడ, గొడుగులు, ఓటర్ల వరస, కుర్చీ తోస్తూ ఎడ్నా. తుపాకీ పేలే చోట నిన్నటి వార్తలు ఎక్కాయి. క్లారెన్స్ నోరు మూసేశాడు. మాత్ర ఆమె అరచేతి చెమటకి కరిగిపోయింది.

ఆమె వీడియో కొట్టుకి వెళ్ళింది. ఇంత పాతవి ఎవరూ ఉంచరని ఇంకో గుర్రాల సినిమా చేతిలో పెట్టారు. క్లారెన్స్ దాన్ని చూసి మొహం గోడకి తిప్పుకున్నాడు. మాత్రని అన్నంలో కలిపితే ఉమ్మేశాడు. మూడో రోజు ఇళ్ళకి తిరిగే నర్సు వచ్చి బీపీ చూసింది, నమ్మలేక మళ్ళీ చూసింది. ఎడ్నాకి భయం వేసింది. భయపడే ఓపిక కూడా లేదని ఏడుపొచ్చింది.

నాలుగో రోజు మళ్ళీ పాత క్యాసెట్టే పెట్టి, తెర మీద ఓటర్ల వరస రాగానే ఆమె లేచి టీవీకి అడ్డంగా నిలబడింది. ఏప్రను జేబులోంచి గరిటె తీసి తుపాకీలా పట్టుకుంది.

"ఇటు చూడు. నేనే ఆ చెడ్డోణ్ణి."

ఢాం అని తనే అంది. సోఫా చెయ్యి పట్టుకుని, ముందు ఒక మోకాలు, తర్వాత రెండోది, అలా విడతలుగా చచ్చింది.

"ఆఁ," అన్నాడు క్లారెన్స్.

కింద నుంచే చెయ్యి చాచి మాత్ర ఆయన నోట్లో వేసింది, నీళ్ళ గ్లాసు అందించింది. మింగాడు. ఎడ్నా మళ్ళీ వెనక్కి వాలింది. నేల చల్లగా ఉంది. పట్టపగలు నడుం వాల్చి ఎన్నాళ్ళయిందో గుర్తు రాలేదు.

"లే, ఎడ్నా," అన్నాడాయన, ముద్దమాటతో.

"సచ్చినోళ్ళు లేవరు."

ఆడే చేత్తో లేని టోపీ సవరించుకున్నాడు. "వచ్చేవారం," అన్నాడు.

ఎడ్నాకి నవ్వొచ్చింది. రేపు మధ్యాహ్నమే మళ్ళీ చావాలని ఆయనకి చెప్పలేదు. కళ్ళు మూసుకుంది. టీవీలో ఓటర్ల వరస కదులుతూనే ఉంది. ఆమె అక్కడే నిద్రపోయింది.