నిలబడి చదివిన మెయిల్

పొద్దున వైశాలిలో ఢిల్లీ మెట్రో ఎక్కి కూర్చున్నానో లేదో ఫోన్ టింగుమంది. యాప్ స్టోర్ నుంచి వచ్చే మెయిళ్లకి నేను విడిగా పెట్టుకున్న చప్పుడది, గాజు గ్లాసు మీద చెంచాతో ఒక్కసారి కొట్టినట్టు ఉంటుంది. అది వింటే నాకు అరచేతులు చల్లబడతాయి. తొమ్మిదేళ్లయినా అంతే. పక్క సీటావిడ డబ్బా మూత తీసి పరాఠా తింటోంది, రైలు ఇంకా కదల్లేదు, నేను మాత్రం నోయిడాలో ఒక రెండు గదుల ఆఫీసుకి వెళ్లిపోయాను. గుమ్మానికి ఎదురుగా కుర్చీ వేసుకుని వసుంధర మేడమ్ కూర్చుని ఉన్నారు.

మేడమ్‌ది ప్రొద్దుటూరు. ముప్పై ఏళ్లు ఢిల్లీలో ఉన్నా యాస పోలేదు సరికదా, ఆవిడ హిందీ కూడా ప్రొద్దుటూరు హిందీయే. చూపు లేని పిల్లల బడి ఒకటి ఉంది, ఆ పిల్లలు ఫోన్‌లో పాఠాలు వినడానికి మేమొక యాప్ నడిపేవాళ్లం. ఆవిడకి రెండు అలవాట్లు. ఎవరు ఏ కోడ్ తెచ్చి చూపించినా మొదట “ఇది ఎవురిది?” అని అడిగేవారు. రెండోది, భయపెట్టే మెయిల్ ఏదొచ్చినా, అది స్టోర్‌దైనా ఇంటి ఓనరుదైనా, ఎవరికి వచ్చిందో వాళ్లు లేచి నిలబడి అందరికీ వినపడేలా పైకి చదవాలి. “కూచ్చోని చదివితే పక్కన పెట్టబుద్ధి అయితాది” అనేవారు. మేము దానికి స్కూలు ప్రార్థన అని పేరు పెట్టి వెనకాల నవ్వుకునేవాళ్లం. అందరికంటే ఎక్కువ నవ్వింది నేనే.

నేను ఏలూరు నుంచి వచ్చి అప్పటికి నాలుగు నెలలు, ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. బడివాళ్ల పాఠాలు పాత క్యాసెట్ల నుంచి ఎక్కించినవి, ఒక్కొక్కటి ఒక్కో రకం ఫైలు. మేము రాసుకున్న ప్లేయర్ సగం వినిపించేది, సగానికి మొరాయించేది. దాన్ని బాగుచేసే పని నాకు అప్పగించారు. ఎక్కడో దూరదేశంలో ఒకాయన ఎలాంటి ఫైలునైనా పలికించే ప్లేయర్ రాసి అందరూ వాడుకోవడానికి నెట్‌లో తెరిచి పెట్టాడు. ఆయన షరతులు రెండే. నా పేరు ఉంచండి, మీరు చేసిన మార్పుల్ని కూడా ఇలాగే తెరిచి పెట్టండి. నేను ఆ కోడ్ తెచ్చుకుని, ఆయన పేరున్న వరసలన్నీ చెరిపేసి, మూడు రోజుల్లో పని అయిపోయిందనిపించాను.

“ఇది ఎవురిది?” అన్నారు మేడమ్.

“మనదే మేడమ్, నేనే రాశాను.”

“అచ్ఛా, బాగా రాసినావే” అని ఆ మధ్యాహ్నం అశోకా రోడ్డులో మనవాళ్ల క్యాంటీన్‌కి తీసుకెళ్లి మన భోజనం పెట్టించారు. గోంగూర రెండుసార్లు వేయించుకుని కడుపునిండా తిన్నాను. ఆ రోజు నాకు భయం లేదు, సిగ్గూ లేదు.

ఐదు నెలల తర్వాత మెయిల్ వచ్చింది. యాప్‌ని స్టోర్‌లోకి ఎక్కించింది నేను కాబట్టి నాకే వచ్చింది. మీ యాప్‌లో ఉన్నది నా కోడ్ అని ఒకరు ఫిర్యాదు చేశారు, ఏడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వకపోతే తీసేస్తాం అని. నేను లేవలేదు, పైకి చదవలేదు. చదవనట్టు గుర్తు పెట్టేసి, మూత తీసిన పులిహోర డబ్బా మళ్లీ మూసేశాను. అలా ఐదు రోజులు దాచాను. మేడమ్ నా కుర్చీ వెనక నుంచి వెళ్తే చాలు, ఫోన్ బోర్లా తిప్పేసేదాన్ని. మొదటి రెండు రోజులూ ఉద్యోగం పోతుందన్న భయమే. మూడో రోజు బడి నుంచి తివారీ మాస్టర్ ఫోన్ చేశారు. పిల్లలకి చరిత్ర చెప్పేది ఆయనే, ఆయనకీ చూపు లేదు. మూడు వారాల్లో బోర్డు పరీక్షలు, కొత్త పాఠాలు ఎప్పుడు వస్తాయని అడిగారు. ఆ పాఠాలు చేరాలంటే కొత్త వెర్షన్ స్టోర్ నుంచి వెళ్లాలి. వచ్చేస్తాయి మాస్టర్‌జీ అన్నాను. అప్పటినుంచి మొదలైంది అసలు భయం, అది నా ఉద్యోగం గురించి కాదు.

ఐదో రోజు సాయంత్రం మేడమ్ దగ్గరికి వెళ్లి ఫోన్ చాచాను. ఆవిడ తీసుకోలేదు.

“వచ్చి ఎన్ని రోజులాయె?”

“ఐదు, మేడమ్.”

“నిలబడే ఉండావు గదా. చదువు.”

చదివాను. ఆఫీసులో మిగిలిన ముగ్గురూ తలదించుకున్నారు, ఎవరూ నవ్వలేదు. చదవడం అయ్యాక ఆ కోడ్ ఎవరిదో, నేనేం చెరిపానో కూడా చెప్పేశాను. మేడమ్ గోడ మీది క్యాలెండర్ దగ్గరికెళ్లి పరీక్షల దాకా రోజులు లెక్కపెట్టారు. తప్పి, మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టారు.

“మీకూ భయమేనా మేడమ్?” అన్నాను, ఏమనాలో తెలియక.

“లేకుంటే? పిల్లోల్ల పరీక్షలు. ఏడు రోజుల్లో ఐదు నువ్వే మింగేస్తివి, భయపడేదానికి గూడా నాకు రెండే మిగిలిస్తివి.”

ఇంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు. ఆ రాత్రే ఆ ప్లేయర్ రాసినాయనకి నా చేతే ఉత్తరం రాయించారు, తప్పు నాదని నా పేరుతోనే. చెరిపిన పేర్లు మళ్లీ పెట్టి, మా కోడ్ అంతా తెరిచి పెట్టాం. మర్నాడే ఆయన రెండు వాక్యాల జవాబు రాశాడు. సంతోషం, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నాను అని. స్టోర్ వైపు మాత్రం మాట్లాడటానికి మనిషే లేడు. ఎన్నిసార్లు రాసినా అదే యంత్రం అదే జవాబు ఇచ్చింది. ఎనిమిదో రోజు మా యాప్ అక్కడ లేదు, మా ఖాతా కూడా మూసేశారు.

మిగిలిన దారి ఒక్కటే. బడికి వెళ్లి, స్టోర్‌తో పని లేకుండా, ఒక్కొక్కరి ఫోన్‌లో యాప్ ఫైలు నేరుగా వేయడం. ఆ పిల్లల ఫోన్లు తెర మీద ఏముంటే అది పైకి చదువుతాయి. ఫైలు తెరవగానే మొదటి బెంచీ మీద ఒక ఫోన్ అంది, “యే యాప్ ఆప్‌కే ఫోన్ కో నుక్సాన్ పహుంచా సక్తా హై.” ఈ యాప్ మీ ఫోన్‌కి హాని చేయవచ్చని. తర్వాత రెండో ఫోన్, మూడోది, ఆఖరి బెంచీ దాకా అదే గొంతు, అదే మాట. పిల్లల వేళ్లు గాల్లో ఆగిపోయాయి. తివారీ మాస్టర్ నెమ్మదిగా మా వైపు తిరిగారు.

“వాళ్లు భయపడేది న్యాయమే” అన్నారు మేడమ్ నాతో. “జరిగింది చెప్పు. అంతా.”

వచ్చీరాని హిందీలో చెప్పాను. ఇది ఫలానా ఆయన రాసింది, నేను ఆయన పేరు చెరిపి నాదన్నాను, ఆ మెయిల్ ఐదు రోజులు దాచాను, అందుకే ఇలా రావలసి వచ్చింది అని. కిటికీ పక్కన కూర్చున్న అమ్మాయి అడిగింది, “ఔర్ కుఛ్ తో నహీ ఛుపాయా, దీదీ?”

ఇంకేమీ దాచలేదు కదా అని. లేదన్నాను. ఆ పిల్ల కాసేపు ఆలోచించి, వేలు దించి నొక్కింది. తర్వాత మిగిలినవాళ్లు నొక్కారు.

మేడమ్ నన్ను పంపించేస్తారనుకున్నాను. పంపలేదు. దానికి నేను కృతజ్ఞురాలిని, అంతకంటే ఎక్కువగా భయపడ్డాను కూడా, ఆవిడ మళ్లీ నమ్ముతున్నారే అని. ఆవిడ పోయి రెండు చలికాలాలైంది. గుమ్మానికి ఎదురుగా ఉన్న కుర్చీ ఇప్పుడు నాది. స్కూలు ప్రార్థన ఇంకా ఉంది, కొత్తగా చేరినవాళ్లు వెనకాల నవ్వుకుంటారు.

రైలు కదిలింది. లైను మొదలయ్యే వైశాలిలో ఎక్కితే దొరికే సీటు ఎంత అపురూపమో ఆ దారిలో తిరిగేవాళ్లకి తెలుసు. ఆఫీసుకి వెళ్లాక చూద్దాంలే అనిపించింది, నిజం చెప్తున్నాను. లేచి నిలబడ్డాను. నా సీటులో వెంటనే ఎవరో కూర్చున్నారు. పైకి, పక్కవాళ్లకి వినపడేలా చదివాను. ఇకమీదట స్టోర్ బయటి నుంచి వేసుకునే యాప్‌లకైనా, తయారుచేసినవాళ్లు ముందుగా పేరు నమోదు చేసుకుని అనుమతి తెచ్చుకోవాలి, లేకపోతే అవి ఫోన్‌లోకి ఎక్కవని ఉంది. మాది మూసేసిన ఖాతా, ఇప్పటికీ యాప్‌ని పిల్లల ఫోన్లలో నేరుగానే వేస్తున్నాం. అనుమతి ఇస్తారో లేదో తెలియదు. ఆ బడిలో ఈ ఏడాదీ పరీక్షలున్నాయి. పరాఠా ఆవిడ తినడం ఆపి నన్నే చూస్తోంది.

తివారీ మాస్టర్‌కి ఫోన్ చేసి అదే మెయిల్ మొదటినుంచి చివరిదాకా మళ్లీ చదివాను. ఆయన అంతా విన్నారు. తర్వాత, ఇది ఎప్పుడొచ్చిందని అడిగారు.

ఇప్పుడే మాస్టర్‌జీ, రెండు నిమిషాలైంది అన్నాను. అరచేతులు ఇంకా చల్లగానే ఉన్నాయి.