మంగ్లీ కట్ చేస్తే వచ్చినట్టే

ఫోన్లు బాగుచేసేవాడికి కోపం రాకూడదంటారు. నాకు వస్తుంది. ఈ జనవరిలో మరీ వచ్చింది. మిర్యాలగూడ బస్టాండు ఎదురు సందులో నా షాపు. వారం రోజుల పాటు షట్టరు ఎత్తకముందే జనం మెట్ల మీద కూర్చుని ఉన్నారు. ఒక్కరి ఫోనూ కింద పడలేదు, నీళ్లలో తడవలేదు. అందరిదీ ఒకటే గోడు. రాత్రి పడుకునేటప్పుడు బాగానే ఉంది, పొద్దున లేచేసరికి లోపలంతా మారిపోయింది.

"ఎవడన్న అడిగిండా వీన్ని మార్చమని?" అని ట్రాక్టర్ నడిపే మల్సూర్ నా బల్ల మీద గుద్దాడు, ఆ మార్చినవాణ్ణి నేనే అన్నట్టు. మొన్నటిదాకా ఫోన్ మోగితే పైకి లాగి ఎత్తేవాళ్లం, కిందికి లాగి కట్ చేసేవాళ్లం. ఇప్పుడు పైకీ లేదు, కిందికీ లేదు. కుడికి జరిపితే ఎత్తినట్టు, ఎడమకి జరిపితే కట్ అయినట్టు. గుండ్రంగా ఉన్నవి పలకలయ్యాయి, పెద్దవి చిన్నవయ్యాయి, పక్కనున్నవి అడుగుకి పోయాయి. కోదాడలో నాలాంటి షాపే ఉన్న దోస్తుకి ఫోన్ చేస్తే, "ఇక్కడా అంతేనండీ, జనం కొట్టేట్టున్నారు" అని నవ్వాడు. సూర్యాపేటలో మా బామ్మర్ది పెళ్లాం అయితే ఫోన్ ఎత్తలేక, వచ్చిన ఫోనల్లా పక్కింటి పిల్ల చేతికిచ్చి ఎత్తించుకుంటోందట. తిన్నది అరగనివాడు చేసిన పని కాకపోతే ఏమిటిది? వాడు ఏ చల్లటి గదిలో కూర్చుని మార్చాడో గానీ, వాడికి మంగ్లీ తెలియదు. అందుకే ఆమె సంగతి చెబుతున్నాను.

మంగ్లీది త్రిపురారం అవతల ఒక తండా. నాట్లు వేసే ఆడవాళ్ల ముఠాకి మేస్త్రి. ఎప్పుడు ఎవరి పొలంలో దిగాలో ఆమె చెబుతుంది, మిగతావాళ్లు ఆమె వెనక ఆటో ఎక్కుతారు. నాకంటే ఓ పదేళ్లు పెద్దది. నన్ను తమ్మీ అంటుంది, నేను అక్కా అంటాను. చదువు రాదు. నోరు మాత్రం మంచిది కాదు, ఆ సంగతి ఆమే చెబుతుంది. ఒకసారి ఛార్జర్ పాడైతే తెచ్చి, "నువ్వు అమ్మినప్పుడే ఇది సచ్చిపోయి ఉన్నది, నాకు పీనుగును అంటగట్టినవ్" అని పదిమందిలో అంది. మార్చి ఇచ్చేదాకా కదల్లేదు.

నాట్ల కాలంలో త్రిపురారం, నిడమనూరు రైతులు దీపాలు పెట్టేవేళకి ఆమెకి ఫోన్ చేస్తారు, రేపు వస్తావా అని అడగడానికి. కానీ అడగరు. ఆమె ఎత్తదు కూడా. ఫోన్ మోగగానే కట్ చేసిందంటే, రేపు పొద్దున ముఠా ఆ గట్టు మీద ఉంటుందని అర్థం. మోగి మోగి దానంతట అది ఆగిపోయిందంటే, రేపు కుదరదు, మళ్లీ చూద్దాం అని. ఇది ఎవరూ కూర్చుని పెట్టుకున్న కట్టుబాటు కాదు. బురద చేతులతో ఫోన్ చెవిన పెట్టుకోలేరు, వేలి కణుపుతో కిందికి ఒక్క లాగు లాగితే పని అయిపోతుంది. ఇక రానని చెప్పడమంటారా, పొలమున్న పటేలు ముఖాన నోటితో లేదనడం బాగుండదు. ఫోన్ మోగనిస్తే ఆయనే అర్థం చేసుకుంటాడు. ఎవరికీ చిన్నతనం ఉండదు. "మంగ్లీ కట్ చేసిందంటే వచ్చినట్టే" అని రైతులు పడుకునే ముందే కూలీలతో నారు పీకించే ఏర్పాటు చేసుకునేవాళ్లు. ఆమె ఒక్కసారి కూడా కట్ చేసి రాకుండా ఉండలేదు.

మరి చదువు రానిదానికి ఎవరు చేస్తున్నారో ఎలా తెలిసేది? బొమ్మలు. రైతుల నంబర్లకి నేనే బొమ్మలు పెట్టాను. మనుషుల ఫొటోలు పెడదామంటే ఆమె ఒప్పుకోలేదు. "మొగోళ్లందరు ఒక్కతీరుగనే ఉంటరు తమ్మీ, మూతి మీద ఇంత మీసం. ఏం గుర్తువడుతరు?" అంది. తనే పొలాల వెంట తిరిగి ఫొటోలు తీసుకొచ్చింది. త్రిపురారం ఊర్మిళమ్మకి ఆమె తెల్లావు. నిడమనూరు శశిధర్ రెడ్డికి ఆయన తెల్ల కారు. ఫోన్ మోగితే ఆవో, కారో తెర నిండా కనబడేది.

చలికాలపు యాసంగి నాట్లప్పుడు కాలువ నీళ్లు వంతుల వారీగా వస్తాయి. నీళ్లున్నప్పుడే మడి దమ్ము చేయాలి, నాటు పడాలి. తూము కట్టేస్తే దమ్ము చేసిన మడి గట్టిపడుతుంది, పీకిన నారు గట్టు మీద వాడిపోతుంది. ఆ రోజుల్లో రైతులు కూలీల కోసం పడే పరేషాను అంతా ఇంతా కాదు. ఈ జనవరిలో ఓ సాయంత్రం మంగ్లీ మనసులో ఒక లెక్క ఉంది. ఊర్మిళమ్మకి రేపు వెళ్లాలి, ఎందుకంటే పెనిమిటి పోయాక ఆ వ్యవసాయం ఆవిడ ఒక్కతే చూసుకుంటోంది. శశిధర్ రెడ్డికి ఎల్లుండి. ఆయనకింకా నీళ్లుంటాయని ఆమె అనుకుంది.

మధ్యాహ్నం నుంచి ఛార్జింగులో పెట్టిన ఫోన్ ఆ కాస్త సమయంలోనే తనను తాను మార్చేసుకుంది. ఆమెకి ఆ సంగతి తెలియదు. దీపాలవేళ ఫోన్ మోగింది. తెర నిండా ఆవు లేదు. మూలన గోరంత గుండ్రం, అందులో ఏదో తెల్లగా ఉంది, పక్కన అక్షరాలు. ఊర్మిళమ్మే అయ్యుంటుందని వేలి కణుపుతో కిందికి లాగింది. ఏమీ కాలేదు. మళ్లీ లాగింది. గట్టిగా ఒత్తింది. మోగీ మోగీ ఆగిపోయింది.

"యాడీ! దీనికేం రోగమొచ్చింది?" అని లంబాడీలో అమ్మను తలుచుకుని, చీర కొంగుతో తుడిచింది. ఇంతలోనే మళ్లీ మోగింది. మళ్లీ గోరంత తెల్లది. పాపం ఊర్మిళమ్మ మళ్లీ చేస్తోందనుకుంది. ఈసారి కిందికీ పైకీ, అటూ ఇటూ, పిండి కలిపినట్టు తెరంతా రుద్దింది. ఎడమకి జరిగిందేమో, టక్కున ఆగింది. కట్ అయింది. హమ్మయ్య అనుకుని వెళ్లి ఆడవాళ్లందరికీ త్రిపురారం అని చెప్పింది.

రెండోసారి చేసింది శశిధర్ రెడ్డి.

తెల్లారి, ముఠాని రోజూ తిప్పే జగన్ ఆటో వీళ్లని ఊర్మిళమ్మ పొలం దగ్గర దింపి, ఇంకో ముఠా కోసం వెళ్లిపోయింది. గట్టెక్కి చూస్తే మడిలో అప్పటికే బీహార్ మగవాళ్లు వరసగా వంగి నాట్లు వేస్తున్నారు. ఊర్మిళమ్మ గట్టు మీద నిలబడి ఉంది.

"అమ్మా, గిదేంది? నేనొస్తున్న కదా," అంది మంగ్లీ.

"నువ్వు కట్ చేయలేదు కదే. మోగి మోగి ఆగిపోయింది. రావనుకున్న. పక్క పొలంల బీహారోళ్లు ఉంటే, కాళ్లా వేళ్లా పడి తెచ్చుకున్న."

"ఆగినంక మళ్ల చేసినవ్ గద, అప్పుడు కట్ చేసిన."

"నేనెందుకు మళ్ల చేస్త? ఒక్కసారే చేసిన."

అప్పుడే మంగ్లీ చేతిలో ఫోన్ మోగింది. గోరంత తెల్లది. ఊర్మిళమ్మ ఎదురుగానే ఉంది, ఆమె చేతిలో ఫోనే లేదు. మంగ్లీ పైకి లాగింది, ఎత్తలేకపోయింది. ఊర్మిళమ్మ తొంగి చూసి, "శశిధర్ అని ఉన్నదే," అంది. మంగ్లీకి రాత్రి తను ఎవరికి మాట ఇచ్చిందో అప్పుడు తెలిసింది.

ఆటో లేదు. బిందెలు, సద్ది గిన్నెలు పట్టుకుని ముఠా అంతా రోడ్డుదాకా నడిచింది. దొరికిన ట్రాలీ ఎక్కి, దిగి, ఇంకొకటి ఎక్కి నిడమనూరు చేరేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది. శశిధర్ రెడ్డి గట్టు మీద నిలబడి ఉన్నాడు. తెల్లవారుజామున పీకించిన నారు కట్టలు గట్ల పొడవునా పడి ఉన్నాయి. కొసలు అప్పటికే వాలిపోతున్నాయి. ఆయనకి నీళ్లు ఆ సాయంత్రం వరకే.

"నీ కట్ మీద నమ్మకం పెట్టి నారు పీకిచ్చిన. పొద్దటి సంది ఫోన్ చేస్తున్న, ఎత్తవు. ఇన్నేండ్లల్ల గిట్ల ఎవ్వలన్న చేసిండ్రా నాకు?"

"పటేలా, ఫోన్ మారింది. నేను వేరేటోళ్లనుకొని..."

"ఫోన్ మారిందా, నువ్వు మారినవా? ఆడ ఎవరన్న ఎక్కువిస్తమన్నరేమో. బీహారోళ్లే నయం. మాట తెల్వకున్నా పొద్దుగాల్లకు మడిల ఉంటరు."

ముఠా ముందు ఆ మాట అన్నాడు. నోరు మంచిది కాదని పేరున్న మంగ్లీ, ఒక్క మాట తిరిగి అనలేదు. కొంగు దోపుకుని మడిలో దిగింది. వెనకే అందరూ దిగారు. సద్ది విప్పలేదు. చీకటి పడి చేతిలో నారు కనబడనిదాకా వేశారు. అయినా కాలువ వైపు మడి ఒకటి మిగిలిపోయింది. తూము కట్టేశారు.

మర్నాడు ఆమె నా షాపుకి వచ్చింది. ఎప్పటిలా మెట్ల మీంచే అరుస్తూ రాలేదు. వరసలో నిలబడి, తన వంతు వచ్చాక ఫోన్ బల్ల మీద పెట్టింది. జరిగిందంతా చెప్పింది.

"పాతది పెట్టు తమ్మీ. గంతే."

"పాతది రాదక్కా."

"ఎందుకు రాదు? మొన్ననే ఉండె కద."

"ఒకసారి మారినంక ఎనకకు పోదు. నా చేతుల లేదు."

"మరెవ్వరి చేతుల ఉన్నది? ఆయన నంబరియ్యి, నేనే మాట్లాడుత."

నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఏ నంబరివ్వను? "నాకే దొరకదక్కా ఆ మనిషి," అన్నాను. "ఎవన్నీ అడగకుంట నా ఇంట్ల సామాన్లు సర్దిపోతడా వాడు? పొయ్యి ఏడ ఉన్నదో, నీళ్ల కుండ ఏడ ఉన్నదో నాకు ఎరక లేకుంట చేసిండు," అంది. పక్కనున్న నలుగురూ అవునవునన్నారు. ఒకాయన అయితే ఆ మనిషి వంశాన్నంతా తిట్టాడు. నేనూ ఒకటి కలిపాను, దాచుకోవడమెందుకు.

వెతికితే లోపల ఒక దారి ఉంది. జరిపే పని లేకుండా, ఎర్రది ఒకటి, పచ్చది ఒకటి, రెండు గుండీలు పెట్టుకోవచ్చు. ముట్టుకుంటే చాలు. అది పెట్టాను. పేరు చదివి వినిపించేలా కూడా పెట్టాను. ఇక నా ఫోన్ నుంచి ఆమెకి చేస్తూ పోయాను. ఆమె ఎర్రది నొక్కింది, పచ్చది నొక్కింది. మొదట వేలి కొసతో. తర్వాత కణుపుతోనే నొక్కడం మొదలుపెట్టింది. "బురద చేతికి కూడ పని చేస్తదా?" అని అడిగింది. గిన్నెలో నీళ్లు తెచ్చి ఆమె వేలు తడిపించి చూపించాను. ముఖం కాస్త తేటపడింది.

"ఇగ పరవాలే. బతికిపోయిన," అంది.

లేవబోతుండగా ఫోన్ మోగింది. శశిధర్ రెడ్డి అని పలికింది. మిగిలిన మడి కోసమే. పక్క పొలంవాళ్ల బోరు నీళ్లు అడిగి పెట్టించుకున్నాడని, రేపు ముఠా కావాలని పొద్దున ఎవరితోనో కబురంపాడట. ఆమె నా వైపు చూసింది. కణుపుతో ఎర్రది నొక్కింది. ఫోన్ ఆగిపోయింది. రేపు వస్తానని మాట ఇచ్చినట్టే. ఆ ముఖంలో ఎంత నిమ్మళం కనబడిందో చెప్పలేను. వక్కాకు సంచి తీసి నడుముకి కట్టుకోబోయింది.

ఫోన్ మళ్లీ మోగింది. శశిధర్ రెడ్డి.

ఆమె సంచి వదిలేసి ఫోన్ వైపే చూస్తూ కూర్చుంది. చాలాసేపు మోగింది. చివరికి పచ్చది నొక్కి చెవిన పెట్టుకుంది. ఆయన గొంతు నాకూ వినబడింది.

"కట్ అయింది మంగ్లీ. నువ్వు చేసినవా, చెయ్యి తగిలి అయిందా?"

"నేనే చేసిన పటేలా. వస్తం."

"నిజంగనేనా?"

"నిజంగనే."

"అట్లయితే పొద్దున ఆటో ఎక్కినంక నాకొకసారి ఫోన్ చెయ్యి. అప్పుడే నారు పీకిస్త."

"సరే పటేలా," అని పెట్టేసింది.

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది, చెమట అన్నట్టు. జనవరిలో ఏం చెమట?

"ఇన్నేండ్ల సంది నన్ను ఎవ్వలు రెండోసారి అడగలే తమ్మీ," అంది.

ఆయనకి కోపం తగ్గాక అంతా సర్దుకుంటుందిలే అక్కా అన్నాను. ఆమె ఆ మాట విననట్టే ఫోన్ నా వైపు జరిపింది.

"పటేండ్లకు నేనెన్నడు ఫోన్ చేయలే. ఆల్లే చేసేటోళ్లు. ఎట్ల చేస్తరో సూపియ్యి. రేపు ఆటో ఎక్కినంక చెయ్యాలె."