నరసింగరావు జీపులో లావు తీగ

నరసింగరావంటే వట్టి మొండిఘటం. గజపతినగరం చుట్టుపక్కల అతని పాత పెట్రోలు జీపు ఎక్కనివాళ్లు తక్కువ. కొండవార ఊళ్లలో ఎవరికి నొప్పులొచ్చినా, ఎవరికి జ్వరం ముదిరినా కబురు అతనికే. అన్నం ముందు నుంచి లేచి పోయేవాడు. అలాంటి మనిషి బానెట్ మీద మాత్రం ఎవర్నీ చెయ్యి వెయ్యనిచ్చేవాడు కాదు.

దానికి కారణం భార్య లక్ష్మణమ్మ. మూడేళ్ల కిందట మిట్టమధ్యాహ్నం ఆమెకు గుండెనొప్పి వస్తే, వెనక సీట్లో పడుకోబెట్టి ఆసుపత్రికి బయల్దేరాడు. సగం దారిలో జీపు ఆగిపోయింది. లైటు వెలగడం లేదు, హారను మోగడం లేదు; పోయింది కరెంటే. కంగారులో అవేవీ చూసుకున్నాడా! పెట్రోలు అందడం లేదనుకుని పైపు ఊడదీసి నోటితో ఊదాడు.

"ఏటైనాది?" అని ఆమె మూలిగింది.

"ఒక్క నిమిషమే, అయిపోతాది," అన్నాడు. ఊదుతూనే ఉన్నాడు. ఎవరో ఆటో ఆపేసరికి లక్ష్మణమ్మ లేదు.

కాలింది బ్యాటరీ దగ్గరి ఫ్యూజ్ లింకని తర్వాత తెలిసింది. కరెంటు లోడు ఎక్కువైతే తాను కాలిపోయి మిగతా వైరింగును కాపాడే చిన్న తీగముక్క అది. "నా ఇంటిదాన్ని మింగేసినాది," అని దాన్ని విసిరికొట్టి, ఆ చోట లావుపాటి రాగితీగ తానే బిగించుకున్నాడు. ఇక ఏమైనా సరే, జీపు ఆగకూడదు.

ఇప్పుడు కూతురు యమున పురిటికొచ్చింది. నెలలు నిండాయి. మొన్న సంతకు తీసుకెళ్తుంటే డాష్‌బోర్డు కింద నుంచి పొగ, కమురు వాసన.

"అమ్మ పోయినాది సాలదా? నన్నూ నా బిడ్డనీ కాల్సేస్తావా నాన్నా?" అంది యమున.

ఆ మాట సూటిగా తగిలింది. మర్నాడే ఆమెను వెంటబెట్టుకుని, ఆటో ఎలక్ట్రీషియన్ దేవేంద్ర షెడ్డుకు జీపు తోలుకెళ్లాడు. దేవేంద్ర మేనల్లుడి వరస. లావు తీగ పీకేసి, మాడిన వైర్లు మార్చి, కొత్త ఫ్యూజు పెట్టె బిగించాడు.

"సూడు మావా. లైట్లకొకటి, ఇంజనుకొకటి. ఏది పోతే అదే మార్సుకోవాల. మూత లోపల కొత్తవి ఉంటాయి."

"దారిలో ఇంజనుది పోతేనో?"

దేవేంద్ర ఇంజను స్టార్టు చేసి, దాని ఫ్యూజు లాగేశాడు. ఇంజను ఆగింది. నరసింగరావు మొహం పాలిపోయింది. దేవేంద్ర మూతలోంచి కొత్తది తీసి గుచ్చి, తాళం తిప్పాడు. ఇంజను అందుకుంది.

"ఇంతేనా?"

"అంతే మావా."

"మళ్లీ సెయ్యి."

మళ్లీ చేశాడు. మూడోసారి నరసింగరావే చేశాడు. చేసి, వెనక సీటు వైపు చూసి, చక్రం పక్కనే కూలబడిపోయాడు.

"ఒక్క నిమిషమని మీ అమ్మకి సెప్పినానే యమునా... నిజంగా ఒక్క నిమిషం పనేనే! నాకే తెల్దే!" అంటూ పసిపిల్లాడిలా భోరుమన్నాడు.

యమునకు ఏడుపు ఆగలేదు. నిండు కడుపుతో కింద కూర్చోలేక, నిలబడే తండ్రి తల మీద చెయ్యి వేసింది. ఇంజను ఆపాలని ఎవరికీ తోచలేదు.