సుగుణ టీచర్ పాటల గ్రూపు

మొన్న సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కాను. ఆఫీసులు వదిలే వేళ, కాలు కదపడానికి చోటు లేదు. నా పక్కన కడ్డీ పట్టుకుని నిలబడ్డ ఒక పెద్దావిడ ఫోనును నోటి ముందు పళ్లెంలా అడ్డంగా పట్టుకుని, బోగీ అంతా వినపడేలా మాట్లాడుతోంది. "ఆ, అందరు ఇనుండ్రి. రేపు నాకు లేటయితది. నా కోసం ఆగకుండ్రి. కూర మాత్రం ఉంచుండ్రి." చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుకున్నారు. ఆవిడ పట్టించుకోలేదు. వేలు తీసేసింది, సందేశం వెళ్లిపోయినట్టు చిన్న చప్పుడైంది. ఎల్బీ నగర్‌లో దిగి ఇంటికి నడుస్తున్నంతసేపూ ఆ గొంతు నా వెంటే వచ్చింది. ఫోనుతో మాట్లాడుతున్నట్టు కాక, ఎదురుగా మనుషులు కూర్చున్నట్టు మాట్లాడే మనిషిని నేను ఇదివరకు ఒక్కరినే చూశాను. ఆవిడ సుగుణ టీచర్.

మన్సూరాబాద్‌లో మా ప్రార్థన మందిరం చిన్నది. నల్గొండ వైపు పల్లెల నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ కుటుంబాలే ఎక్కువ. అక్కడి పాటల బృందాన్ని ఎన్నో ఏళ్లుగా నడిపింది సుగుణ టీచరే. సర్కారు బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. పొట్టి మనిషి, గొంతు మాత్రం గోడలు దాటేది. ఎవరైనా శ్రుతి తప్పితే కళ్లద్దాల పైనుంచి ఒక చూపు చూసేవారు, ఆ చూపుకి పెద్ద పెద్ద వాళ్లు కూడా నోరు తగ్గించేవారు. నేను ఆ బృందంలో పాడేవాణ్ణి కాదు. నాకు పాట రాదు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ ఆఫీసులో పని చేస్తాను, పిల్లల తల్లిదండ్రులకు ఫోను గ్రూపుల్లో సమాచారం పంపడం నా పనుల్లో ఒకటి. ఆ ఒక్క కారణంగా టీచర్ దృష్టిలో పడ్డాను.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, బయట చెప్పుల దగ్గర నన్ను ఆపారు. "ప్రసాదూ, గ్రూపు చెయ్యనీకి ఏమేం గావాలె?"

"ఏం వద్దు టీచర్. ఇట్ల చేసి అట్ల లింకు పంపిస్త. అందరు వచ్చేస్తరు."

"లింకు నొక్కనోళ్లు?"

"నొక్కనోళ్లకు గ్రూపు అక్కర లేనట్టే."

తప్పు జవాబు రాసిన పిల్లవాడి పలక చూసినట్టు నా ముఖం చూశారు. "నీ బండిల పెట్రోలున్నదా?" అన్నారు.

అలా మొదలైంది ఆ గ్రూపు. బండి వెనక టీచరు, ఆవిడ ఒళ్లో పెద్ద సంచీ. ఒక్కొక్కరి ఇంటికీ వెళ్లాం. వాళ్ల ఫోను వాళ్ల చేతిలోనే ఉంచి, వాళ్ల వేలితోనే నొక్కించి, "నేను ఫలానా" అని వాళ్ల గొంతుతోనే మొదటి మాట చెప్పించేవారు. ఆ మాట వెళ్లేదాకా అక్కణ్ణించి కదిలేవారు కాదు. దిల్‌సుఖ్‌నగర్ సందులో టిఫిన్ సెంటర్ నడిపే కరుణ చేతులనిండా పిండి. టీచరే ఫోను పట్టుకున్నారు. "నేను కరుణ, దోసెలు మాడుతున్నయి, మల్ల మాట్లాడ్త," అంది కరుణ. అదే వెళ్లింది. ఇంకోసారి చెబుతానని ఆవిడ ఎంత బతిమాలినా టీచర్ ఒప్పుకోలేదు. "మంచిగున్నది. ఎవరన్నది అందరికి తెలుస్తది."

చివరికి పెద్ద అంబర్‌పేట్‌లో యోహాను మామ ఇల్లు. లారీల మెకానిక్‌గా పనిచేసి మానేశాడు, కూతురి దగ్గర ఉంటాడు. మా పాటలకు ఢోలకు ఆయనదే. ఫోను నోటి దగ్గర పెట్టుకుని గొంతు సవరించుకున్నాడు. తర్వాత "నేను యోహాను" అన్నాడు. మళ్లీ ఆగి, "ఢోలకు" అన్నాడు. అంతే.

"పొద్దంతా తిరిగినం టీచర్. లింకుతోని ఒక్క నిమిషంల అయ్యేది," అన్నాను తిరిగి వస్తూ.

"లింకు అయితే కబురు పంపినట్టు అయితది ప్రసాదూ. పెండ్లికి కబురు పంపిస్తే వస్తరా, ఇంటికి పోయి పిలిస్తే వస్తరా?"

నాకు అది పాతకాలపు పట్టుదలలా అనిపించింది. ఆవిడ మొండితనం మీద నాకు నమ్మకం ఎక్కువ, తెలివి మీద తక్కువ. ఆ గ్రూపులో ఆవిడ ఏదీ రాసేవారు కాదు, అన్నీ గొంతుతోనే. రాయడం బద్ధకమని అనుకున్నాను. మా వాళ్లలో కొందరికి చదవడం కష్టమని, ఆ సంగతి పైకి రాకుండా ఆవిడ అలా చేస్తున్నారని నాకు తట్టనే లేదు. ఆవిడా ఎప్పుడూ చెప్పలేదు.

శనివారం ఉదయం టీచర్ ఒక పాట మొదటి పాదం పాడి పంపేవారు. చివర రికార్డు ఆపడం మరిచిపోయేవారు, సంచీ జిప్పు చప్పుడు, పాలవాడితో గొడవ, అన్నీ వినపడేవి. ఆ తర్వాత రోజంతా జవాబులు. కరుణ రెండో పాదం వంటింట్లోంచి పాడేది, వెనక పెనం మీద చుయ్యిమనే చప్పుడు. ఒకరు బస్సులోంచి, ఒకరు మిద్దె మీద బట్టలు ఆరేస్తూ. యోహాను మామ పాడేవాడు కాదు, బల్ల మీదో స్టీలు డబ్బా మీదో దరువేసి పంపేవాడు. సాయంత్రం అందరూ మందిరంలో కలిసేసరికి పాట సగం వచ్చేసి ఉండేది. అదే వాళ్ల సాధన.

అయితే పాటలతో పాటు గులాబీ పూల శుభోదయాలూ, మోకాళ్ల నొప్పికి చిట్కాలూ, ఎవరో ఒకరి మనవరాలి పుట్టినరోజు ఫొటోలూ వచ్చేవి. నాకు చిరాకు. మా ఆఫీసు గ్రూపుల్లో మేము చెబుతాం, తల్లిదండ్రులు చదువుతారు. గ్రూపంటే నోటీసు బోర్డు అని నా లెక్క. ఎవరు ఏం మాట్లాడాలో నేను నిర్ణయించినప్పుడు నాకు దొరికే హాయిని నేను క్రమశిక్షణ అని పిలుచుకునేవాణ్ణి.

ఆ ఏడు క్రిస్మస్ దగ్గర పడుతుండగా టీచర్ చెల్లెలికి మోకాలి ఆపరేషనైంది. సూర్యాపేటకు వెళుతూ, "నేనొచ్చేదాక జర గ్రూపు సూస్కో," అన్నారు. ఆవిడ బస్సెక్కిన సాయంత్రమే నేను సెట్టింగు మార్చేశాను, అడ్మిన్లు, అంటే టీచరూ నేనూ తప్ప ఇంకెవరూ ఏమీ పంపకుండా. సాధన ఎప్పుడు, ఎక్కడ, ఎవరు ఏ రంగు బట్టలు, అన్నీ వరసగా రాసి పెట్టాను. గ్రూపు నిశ్శబ్దమైపోయింది. ఎంత చక్కగా ఉందో అనుకున్నాను, నిజంగానే.

శనివారం సాధనకు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది వచ్చారు. ఢోలకు లేదు. కరుణ కొంగుతో ముఖం తుడుచుకుంటూ వచ్చి నా ముందు నిలబడింది.

"ఏం చేసినవ్ ప్రసాదన్నా? మామ వస్తలేడు."

"ఎందుకు?"

"పొద్దుగాల దరువు పంపిద్దామని చూస్తే ఫోన్ల ఏదో ఇంగ్లీషుల వచ్చిందట. ఆడ మొబైల్ షాపుల చూపించిండు. ఈ గ్రూపుల నీకు మాట్లాడే హక్కు లేదు అని రాసున్నది తాతా, అన్నడట ఆ షాపతను. మామ ఏమనుకుంటడు? మొన్న దరువు పాట కన్న ముందు ఉరికిందని టీచర్ అన్నది గదా. పాటల బృందంల నుంచి తీసేసిండ్రు అనుకున్నడు. ఢోలకు తాళ్లు ఇప్పిపెట్టిండట."

ఢోలకు తాళ్లు వదులు చేశాడంటే ఇక వాయించనన్నట్టే. మా వాళ్లలో మాట్లాడనివ్వకపోవడమంటే బయటికి పంపడమే. మిగిలినవాళ్లూ దాదాపు అలాగే అనుకున్నారు. ఎవరి తప్పు వాళ్లు వెతుక్కుని, ఎవరికి వాళ్లు ఇంట్లో కూర్చున్నారు. ఇంటింటికీ తిరిగి పాడే కేరల్స్ వారంలోకి వచ్చాయి. ఢోలకు లేకుండా మా వాళ్లు నడవగలరు గానీ పాడలేరు. అంతకన్నా పెద్ద సంగతి, ఆ ముసలాయనకు ఆ ఢోలకు తప్ప ఇంటి నుంచి బయటికి రావడానికి మరో పని లేదు.

అక్కడికక్కడే సెట్టింగు మళ్లీ మార్చాను. 'ఇప్పుడు అందరూ మాట్లాడవచ్చు' అని రాశాను. ఎవ్వరూ మాట్లాడలేదు. మర్నాడూ అంతే. టీచర్ తిరిగొచ్చిన రోజున ఎల్బీ నగర్ చౌరస్తాలో బస్సు దిగుతుండగానే వెళ్లి అంతా చెప్పాను. తిడతారనుకున్నాను. సంచీ నా చేతికిచ్చి, "మామతోని ఏం చెప్తవ్?" అన్నారు.

"సెట్టింగు గురించి వివరంగ చెప్త టీచర్. తీసేసింది కాదని."

"వద్దు. ఆయనకు సెట్టింగు మీద కోపం లేదు."

యోహాను మామ ముందు గదిలో కుర్చీ వేయించాడు, చాయ్ పెట్టించాడు. ఢోలకు మూలన, తాళ్లు వేలాడుతూ. నేను గ్లాసు కింద పెట్టి, "తప్పు నాది మామా. నాకు చప్పుడు నచ్చక అందరి నోరు మూసిన. నిన్ను తీసెయ్యలే. రావాలె," అన్నాను.

ఆయన కుర్చీ నా వైపు జరుపుకున్నాడు. "చప్పుడు నచ్చదా నీకు?"

"నచ్చకపోయేది."

"నువ్వెన్నడన్న పాడినవా గ్రూపుల?"

"నాకు పాట రాదు మామా."

"గందుకే. మేం అందరం నవ్వులపాలైతం, నువ్వు గట్టున కూసుంటవ్. ఇప్పుడు పాడి పంపు. గప్పుడొస్త."

సాయం కోసం టీచర్ వైపు చూశాను. ఆవిడ చాయ్ గ్లాసు వెనక నవ్వు దాచుకుంటున్నారు. "నన్ను సూస్తవేంది? పాడు."

పాడాను. ఎక్కడ మొదలుపెట్టానో అక్కడికి తిరిగి రాలేకపోయాను. పైన మొదలై మధ్యలో గొంతు చీలింది. వేలు తీసేస్తే వెళ్లిపోయింది, వెనక్కి తీసుకోబోతే మామ ఫోను లాక్కున్నాడు. ముగ్గురం తెర వైపు చూస్తూ కూర్చున్నాం. నా జీవితంలో అంత సిగ్గు ఎప్పుడూ పడలేదు. ఇంతలో కరుణ జవాబు వచ్చింది. మొదట ఆపుకోలేని నవ్వు, వెనక పెనం చప్పుడు, తర్వాత రెండో పాదం. ఆమె వెనకే మరొకరు. ఎవరో బస్సులోంచి. ఫోను ఆగకుండా మోగుతోంది. మామ లేచి ఢోలకును మోకాళ్ల మధ్య పెట్టుకుని, ఒక్కొక్క తాడూ బిగించడం మొదలుపెట్టాడు.

"జర కిందికి దించు అల్లుడా," అన్నాడు తలెత్తకుండా. "గంత పైకి పోతే ఎవ్వరు అందుకోలేరు."

తిరుగు దారిలో టీచర్ నా వీపు వెనక నుంచి అన్నారు: "ఇంకనుంచి మొదటి పాదం నువ్వే పాడు ప్రసాదూ. నేను పాడితే అందరు భయపడ్తుండ్రు, సరిగ్గ పాడాల్నని. నువ్వు పాడినంక ఎవ్వరికి భయం లేదు." అది పొగడ్త కాదని నాకు తెలుసు. అయినా ఎందుకో సంతోషంగా ఉండింది. ఆ క్రిస్మస్‌కు మన్సూరాబాద్ సందులన్నీ తిరిగాం. మామ దరువు ఎప్పటిలాగే ఉరికింది. టీచర్ కళ్లద్దాల పైనుంచి ఆయన్ని చూశారు, ఆయన ఆకాశం చూశాడు.

కొన్నేళ్ల తర్వాత ఆవిడ చెల్లెలి దగ్గరే ఉండిపోవడానికి సూర్యాపేట వెళ్లారు. పోయిన వానాకాలంలో అక్కడే కన్నుమూశారు, నిద్రలో. కబురు మొదట నాకే వచ్చింది. ఫోను చేతిలో ఉంది, గ్రూపు తెరిచే ఉంది. ఒక్క వాక్యం రాస్తే అందరికీ తెలిసిపోయేది. మూసేసి ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. కరుణను ముందు పొయ్యి ఆర్పమన్నాను. యోహాను మామ ఇంటికి బండి మీద వెళ్లాను. ఆయనతో ఆ మాట చెప్పాక ఇద్దరం చాలాసేపు గుమ్మంలో కూర్చున్నాం. మా వాళ్లందరికీ తెలిశాక గానీ గ్రూపులో ఆ సంగతి రాలేదు.

నేను మారిపోయానని చెప్పలేను. ఎవరైనా గులాబీలు పంపితే ఇప్పటికీ నా వేలు ఆ సెట్టింగు వైపు పోతుంది. ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ల మాట పూర్తిగా వినకుండానే జవాబు చెప్పేస్తాను, తర్వాత వాళ్ల బల్ల దగ్గరికి వెళ్లి మళ్లీ అడుగుతాను. ముందే అడిగి ఉంటే బాగుండేది, అలా ముందే అడగడం ఇంకా నాకు పూర్తిగా అలవాటు కాలేదు. కానీ ప్రతి శనివారం ఉదయం స్నానం చేసి, మా ఆవిడ నవ్వుతుందని తలుపు దగ్గరికి వేసి, మొదటి పాదం పాడి పంపుతాను. శ్రుతి ఏ వారమూ కుదరలేదు. వెనక్కి తీసుకోను. ఫోను మంచం మీద పెట్టి చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఎదురుచూస్తాను. చివరి గుండీ దగ్గరికి వచ్చేసరికి, ఎవరో ఒకరు రెండో పాదం అందుకుంటారు.